ఏటి నీళ్లు

సగటంత దొంగది లోకంలో ఇంకోటి లేదు.

మా ల్యాబులో అనూహ్య రెండేళ్లు కష్టపడి తుప్పు పట్టనివ్వని రంగు ఒకటి తయారుచేసింది. ఇనుప రేకులు కొన్నిటికి అది, కొన్నిటికి బజారు రంగు పూసి, పళ్లేల్లో నానబెట్టి తుప్పు కొలిచాం. రెండింటి సగటూ ఒక్కటే. "ఇక లాభం లేదు కుసుమగారూ, సాయంత్రానికి ప్రాజెక్టు మూసేయండి," అన్నారు డైరెక్టరు. ఆ పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు.

రేకులు పారేద్దామని వెళ్తే, కింది అర పళ్లేల్లో నీళ్లు మడ్డిగా ఉన్నాయి. పై అరవి తేటగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఏటి ఒడ్డునున్న భుయ్యాడీహ్ బస్తీలోని తన ఇంటినుంచి వస్తూ సువర్ణరేఖ నీళ్లు తెచ్చేది మా అటెండరు అసిరయ్యే.

"అన్నిట్లో ఏటి నీళ్లు పొయ్యమని ఫోన్లో చెప్పానా లేదా?"

"ఏటో నీళ్లు పొయ్యమన్నారనుకున్నానమ్మా! తెచ్చిన డబ్బా కింద అరకే అయిపోనాది. ఏటో నీళ్లే గదాని పై అరలో నల్లా నీళ్లు పోసీసినాను. ఏటైంది?"

నాది తెనాలి, ఆయనది పలాస. మాకు ఏటి నీళ్లంటే నది నీళ్లు. వాళ్లకి ఏటి అంటే ఏమిటి, ఏటో అంటే ఏదో ఒకటి. తిట్టడానికి నోరు తెరిచాను. ఈలోగా అనూహ్య లాప్‌టాప్ ముందు కూలబడి, అరలవారీగా కొలతలు విడదీసింది.

"మేడమ్... ఇధర్ దేఖియే," అంది, ఇటు చూడమని హిందీలో.

తెరమీద రెండు గీతలు. నల్లా నీళ్ల నుంచి ఏటి నీళ్లకు వచ్చేసరికి బజారు రంగు తుప్పు పైకెక్కింది, అనూహ్య రంగు తుప్పు కిందికి దిగింది. నడిమధ్యన రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకుపోయాయి. అక్కడ ఓడిన రంగే ఇక్కడ గెలిచింది! గెలుపునీ ఓటమినీ కలిపి సగటు తీసి మేమే చెల్లు వేసేశాం. అమ్మో, నీళ్లు మారితే మంచిచెడ్డలే తారుమారైతే, ఏ రంగు మంచిదని అడగడమే తప్పు కదా!

"అది నీళ్ల తేడా కాక అరల తేడా కావచ్చుగా," అన్నారు డైరెక్టరు, గీతలు చూపిస్తే. నిజమే, ఒక్కో అరలో ఒక్కో రకం నీళ్లే ఉన్నాయి. "సరే, ఇంకొక్కసారి. అంతే," అన్నారాయనే.

ఈసారి చీట్లు తీసి, రెండు రకాల నీళ్లనూ రెండు అరల్లోనూ కలగలిపి పెట్టాం. కొలతలు పూర్తయిన రోజు అనూహ్య భయపడి కళ్లు మూసుకుంది. బటన్ నేనే నొక్కాను.

గీతలు మళ్లీ కోసుకున్నాయి. దేవుడి చెయ్యి చూసినట్టు నిలబడిపోయాను. అనూహ్య భుజం తట్టాను. ఆ పిల్ల కళ్లు తెరిచి, చూసి, వెక్కివెక్కి ఏడ్చింది.

"యే తో జిందా హై, మేడమ్. నా రంగు బతికే ఉంది."