ఎర్తు లేని చోకు

ఉపేందర్ టిఫిన్ డబ్బా విప్పి ఇంటికి ఫోన్ చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అతను పనిచేసే చీరల దుకాణంలో మధ్యాహ్నం బేరాలు తక్కువ. తల్లి లలితమ్మ మాత్ర వేసుకుందో లేదో ఆ వేళకు అడగడం అలవాటైంది. ఆమెకు షుగర్. వేళ్లు జుమ్మంటున్నాయంటే ఎల్బీనగర్‌లో దవాఖానకు తీసుకెళ్లాడు. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు అలా లాగుతాయని డాక్టర్ మాత్రలు రాశాడు.

"గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న. ఏసుకుంటె ఏం ఫాయిద? ఇయ్యాల గూడ జుమ్మన్నది."

"రెండు చేతులా?"

"ఎడమదే. రోజు ఎడమదే గదరా. చేపలకు మేత ఏసెటప్పుడు అంటది. మూత ఇడిస్తె పోతది."

ఉపేందర్ ముద్దను నోటి దగ్గరే ఆపాడు. "గిది డాక్టర్‌కెందుకు చెప్పలే?"

"ఆయన నన్ను చేపల సంగతి అడిగిండా? సరే, పెడుతున్న. తొట్టి నీళ్లు మార్చాలె, పాచి పట్టింది."

"అమ్మా, మూత ముట్టకు! నేనొచ్చేదాక..."

లలితమ్మ అప్పటికే ఫోన్ పెట్టేసింది.

ఆ మూత అతను చేసిందే. అల్యూమినియం రేకు. కింద నాలుగు ట్యూబులు, పైన రెండు ఎలక్ట్రానిక్ చోకులు. చోకులను నీళ్లకు దూరంగా గోడకు బిగించాలని, వాటి ఇనుప డబ్బాలకు ఎర్తు వైరు కలపాలని చోకు మీదే రాసి ఉంది. గోడకు మేకు కొడితే ఇంటి ఓనర్ ఊరుకోడు. అందుకని మూత మీదే బిగించాడు. హాల్లో ఉన్నది స్విచ్ లేని రెండు రంధ్రాల సాకెట్, అందులో పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఎర్తుకు చోటు లేదు. ఆకుపచ్చ వైరు కత్తిరించి టేపు చుట్టాడు. లైట్లు వెలిగాయి, తొట్టిలో మొక్కలు పెరిగాయి. ఆ వైరు సంగతి మళ్లీ తలచుకోలేదు.

ఇప్పుడు తలచుకున్నాడు. చోకు నుంచి కరెంటు రేకుకు దిగుతోంది. భూమిలోకి పోవడానికి దానికి వైరు లేదు, అమ్మ చెయ్యి ఉంది. నీళ్లు మార్చేటప్పుడు ఆమె తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడుతుంది.

మళ్లీ చేశాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. డబ్బా అలాగే వదిలి లేచాడు.

"ఏందే, గంత పరేషానున్నవ్?" అన్నాడు పక్క కౌంటర్ సైదులు.

"ఇంట్ల కరెంటు. జర నా గిరాకీ సూస్కో."

మెట్రో మెట్లెక్కుతూ ఎదురింటి ఇందిరాదేవికి చేశాడు. ఆమెది తెనాలి.

"ఆంటీ, జల్ది మా ఇంట్లకు పోండి. అమ్మను చేపల తొట్టి ముట్టనియ్యకండి. మీరు గూడ ముట్టొద్దు."

"ఏంటి బాబూ, పాము దూరిందా అందులో?"

"కరెంటు దూరింది."

చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె కేక: "లలితమ్మగారూ! చెయ్యి తియ్యండి, చెయ్యి!" వెంటనే ఏదో కింద పడింది.

"ఆంటీ! ఆంటీ!"

"మగ్గు పడిందిలే. మనిషి బాగానే ఉంది, నన్ను తిడుతోంది. స్విచ్ కట్టేశాను. లైట్లు ఆరిపోయాయి."

రైల్లో సీటు దొరికింది. చైతన్యపురిలో కోచింగ్ పిల్లలు ఎక్కారు. తలుపులు మూసుకున్నాక అతనికి ప్లగ్ గుర్తొచ్చింది. రెండు పిన్నుల ప్లగ్ ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. తిరగబడి ఉంటే, ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్ తెంపేది కరెంటు వచ్చే వైరును కాదు, తిరిగిపోయే వైరును; లైట్లే ఆరతాయి. కరెంటు చోకు దాకా వస్తూనే ఉంటుంది.

"ఆంటీ, మెయిన్ దించండి."

"స్విచ్ కట్టేశానుగా!"

వెనక నుంచి తల్లి గొంతు: "ఆరినంక ఇంకేం కరెంటమ్మా? నీళ్లు సగం తోడిన, చేపలు సస్తయి. జరుగు."

"స్విచ్‌తోని కాదాంటీ, మెయిన్! తలుపు మీదుంటది. అమ్మను పట్టుకోండి!"

"ఉన్నది ఒక్కదాన్ని. ఆవిణ్ణి పట్టుకోనా, మెయిన్ దించనా? ఏదో ఒకటి చెప్పు!"

"మెయిన్."

స్టూలు ఈడ్చిన చప్పుడు. ఎదుటి సీటాయన ఉపేందర్‌నే చూస్తున్నాడు.

"దించాను. ఫ్యాను కూడా ఆగింది. లలితమ్మగారు ఇప్పుడు నన్నే కాదు, నిన్నూ తిడుతోంది."

ఎల్బీనగర్‌లో దిగి, ఆటో పట్టుకుని మన్సూరాబాద్ చేరాడు. ఇద్దరినీ దూరంగా నిలబెట్టి, మెయిన్ ఎత్తి, మూతకు టెస్టర్ ఆనించాడు. బాక్సు స్విచ్ ఆపే ఉంది. టెస్టర్ వెలిగింది.

లలితమ్మ ఆ వెలుగు చూసింది. "గిదేనా నా నరాల రోగం?"

అతను మెయిన్ దించి, మూత మీది చోకులు విప్పాడు. అలమరలోని చెక్క పలక ఒకటి తీసి, ఓనర్ ఏమన్నా సరేనని గోడకు కొట్టి, వాటిని దాని మీద బిగించాడు. వైరును కిందికి వేలాడేలా వదిలాడు, నీటి చుక్క దాని వెంట జారినా మధ్యలోనే రాలిపోయేలా. వంటింట్లోని మూడు రంధ్రాల సాకెట్ నుంచి ఎర్తు తెచ్చి చోకులకు, మూతకు కలిపాడు. తొట్టిలో గాలి పంపు ఆగి ఉంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

బాక్సు స్విచ్ వేసి, ఎడమ చేత్తో మూత పట్టుకుని, కుడి చెయ్యి నీళ్లలో పెట్టాడు. "అమ్మా, మెయిన్ ఎత్తు."

"టెస్టర్‌తోని సూడరాదా?"

"రేపు నువ్వు చెయ్యే పెడతవు గదా. చెయ్యితోనే సూడాలె."

లలితమ్మ స్టూలెక్కింది. మెయిన్ మీద వేలు పెట్టి, కొడుకు చేతిని చూసింది. వేలు కదల్లేదు.

"ఇన్ని దినాలు నా చెయ్యి ఉండె. తెల్వదు, భయం గాలె. ఇప్పుడు తెలిసె."

"ఎత్తమ్మా. చేపలు సస్తయి."

"సావనీ. నాతోని గాదు."

అతను ఇందిరాదేవి వైపు చూశాడు.

"నా వంక చూడకు బాబూ. దించమన్నావు, దించాను. ఎత్తడం నా వల్ల కాదు."

"చెయ్యి తీసి గా తలుపు కాడికి పో," అంది లలితమ్మ. "అప్పుడెత్తుత."

అతను చేతులు తీశాడు. తుడుచుకుని గడప దగ్గరికి వెళ్లేదాకా ఆమె ఆగింది. తర్వాత మెయిన్ ఎత్తింది. ట్యూబులు వెలిగాయి, పంపు బుడగలు వదిలింది. ఉపేందర్ వెళ్లి టెస్టర్ పెట్టి చూశాడు. వెలగలేదు.

అయినా ఆ పూట మూత ఎవరూ ముట్టుకోలేదు.