దూది సంచిలో నా బరువు

"ఎక్కవే, సిగ్గెందుకు? ఇక్కడున్నదంతా మనవాళ్లే" అన్నారు మావారు.

ప్రతి నెలా మొదటి సోమవారం, మా దూది కొట్టులో సరుకు తూచే ముందు నన్ను తూచడం ఆయన పెట్టిన పద్ధతి. చీపురు పక్కన పెట్టి కాటా ఎక్కాను. ముల్లు ఊగి ఊగి ఎనభై ఆరు కిలోల దగ్గర ఆగింది.

"మీకేం కాదు వదినగారూ, కాటానే పాపం" అన్నాడు పరుపులు కుట్టేవాడు. నవ్వాను. పాత గిరాకీ, నవ్వు కూడా కొసరు కిందే పోతుంది.

"వచ్చే నెలకి ఎనభై లోపు దిగకపోతే కొట్టుకి రావొద్దు. సంచిలో గుండె ఆగి పడితే ఎవడు తీస్తాడు?" అన్నారాయన.

దూది సంచి తొక్కడం నా పని. నిలువెత్తు సంచిని దూలానికి వేలాడదీస్తే, లోపలికి దిగి, పైనుంచి వేసే దూదిని కాళ్లతో తొక్కి బిగించాలి. కూలి ఇచ్చుకోలేని రోజుల్లో మొదలుపెట్టాను. ఆ తర్వాత కూలి మిగులుతోందని నన్నే ఉంచేశారు. అయినా నాకది ఇష్టం. లోపల మబ్బులో తేలుతున్నట్టుంటుంది. బయటి బేరాలు ఎక్కడో నీళ్ల అవతల నుంచి వినిపిస్తాయి. "టీ ఏదమ్మాయ్?" అనే అత్తయ్య గొంతు అక్కడిదాకా రాదు. ఇంత సంసారంలో నాకంటూ ఉన్న గది అదొక్కటే. అది పోతుందని భయపడ్డాను.

రాత్రి తిండి మానేశాను, పగలు సగం చేశాను. వంట మాత్రం అందరికీ మామూలే. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నారు అత్తయ్య. నెల తిరిగేసరికి ముల్లు డెబ్బై తొమ్మిది చూపించింది. "చూశావా, ఆరోగ్యమంటే అదీ!" అంటూ మావారు తనే తగ్గినట్టు మురిసిపోయారు.

ఆ పూటే సంచిలోకి దిగాను. సగం నిండకముందే మోకాళ్లు వణికాయి. ఊపిరి అందలేదు. కూలబడిపోయాను. దూది మెల్లగా నా మీద రాలుతూనే ఉంది. ఆ మగతలో నా బేరాల బుర్ర ఒక్కటే మెలకువగా ఉంది. వానాకాలం దూది ఎక్కువ తూగుతుంది, తూగేది తేమ. అందుకే మావారు ఏనాడూ బరువొక్కటే చూసి దూది కొనలేదు. గుప్పిట్లో నొక్కి వదులుతారు, తిరిగి పొంగితేనే బేరం. దూదికి చేసినపాటి మర్యాద నాకు చేయలేదు. ఎనభై ఆరు తూగినప్పుడు ఈ సంచి నింపేసి, మేడ మీదికి నీళ్లు మోసి, వంటకి కూర్చునేదాన్ని. తగ్గిన కిలోలతో పాటు ఏం పోయిందో ముల్లు చెప్పలేదు.

కాస్త తేరుకున్నాక సంచి అంచు పట్టుకుని ఎలాగో బయటపడ్డాను. ఆ రాత్రి అందరితో పాటు నాకూ కంచం పెట్టుకున్నాను. ఆకలి తీరేదాకా తిన్నాను. రోజూ తిన్నాను. కాళ్లు మళ్లీ నా మాట వినడం మొదలుపెట్టాయి.

మళ్లీ నెల మొదటి సోమవారం వచ్చింది. "ఎక్కు" అన్నారాయన.

"ఏమండీ, దూది మంచిదో కాదో మీరెలా చూస్తారు?"

"అదేం ప్రశ్న? నొక్కి చూస్తా."

"మరి నన్నెందుకు తూస్తున్నారు?"

పరుపులవాడు నవ్వబోయి, ఆయన మొహం చూసి దగ్గాడు.

నేను కాటా పక్కనుంచి నడిచి సంచిలోకి దిగాను. తెల్లగా మూసుకుపోయింది లోకం. తొక్కాను. పొర అణిగేకొద్దీ నా కిందే గట్టిపడి, నన్ను జానెడు జానెడుగా ఎత్తింది. చివరికి సంచి అంచు దాటి తల, భుజాలు బయటికొచ్చాయి. కింద ఖాళీ కాటా, దాని పక్కన మెడ పైకెత్తి చూస్తున్న మావారు.

"ఇంకా వేయండి, పడుతుంది" అన్నాను.

అంత పైకి నన్ను తెచ్చింది నా బరువే.