తొంభై ఎనిమిది

బేస్‌బాల్ సాధనలో వెస్టన్ విసిరిన పదకొండో బంతి గ్లవ్‌లో పడగానే రాయిస్ అరచెయ్యి చురుక్కుమంది. అతను కంగారుపడింది మంటకి కాదు. మోకాలి ఎత్తున అడిగిన బంతి భుజం మీదుగా వచ్చింది. పదేళ్లుగా తమ్ముడి బంతులు పడుతున్నాడు, వాడి గురి ఇంతగా తప్పడం ఎప్పుడూ చూడలేదు.

గోడ మీది పలకలో ఎర్ర అంకెలు వెలిగాయి. గంటకి తొంభై ఆరు మైళ్ల వేగం.

"ఇంకో రెండే, వెస్టన్!" అని అరిచాడు తండ్రి హార్లన్.

ఆ రేకుల షెడ్డులో ఎవరైనా తొంభై ఎనిమిది అందుకుంటే గంట కొడతారు, గోడ మీద పేరు రాస్తారు. ఇవాళ వల వెనక, కుర్రాళ్లని ఎంచుకోడానికి వచ్చిన పెద్ద క్లబ్బుల మనుషులు ముగ్గురు వేగం కొలిచే రాడార్ గన్లు ఎత్తి కూర్చున్నారు. బంతి ఎక్కడ పడిందో వాళ్లు చూడటం లేదు.

వెస్టన్ పక్కకి తిరిగి చిటికెన వేలు విదిలించాడు, తడి దులుపుకున్నట్టు. రాయిస్ లేచి, ముసుగు పైకి తోసి, తమ్ముడు నిలబడి బంతి విసిరే దిబ్బ దగ్గరికి నడిచాడు.

"వేలు మొద్దుబారిందా?"

"లేదు."

"నాతోనా అబద్ధం?"

"మెల్లిగా అన్నా, వింటారు. ఆ ఒక్క వేలే, నిన్నటి నుంచి. దాంతో బంతి పట్టుకోను కదా."

"నా నడుం పట్టేసిందని చెప్పి ఆపేస్తా."

"నీ నడక చూస్తే నమ్ముతారులే, ముసలోడా. కానీ ఆపావంటే జన్మలో నీతో మాట్లాడను."

"ఏంట్రా గుసగుసలు? చర్చిలో ఉన్నారా?" అన్నాడు హార్లన్.

రాయిస్ ఇక దాచలేదు. "నాన్నా, వీడి చిటికెన వేలు మొద్దుబారిందంటే మోచెయ్యి బాలేదన్నమాట."

హార్లన్ నవ్వేశాడు. "పోతే కుట్టిస్తాం. పక్కూరి డ్వైట్‌ని చూళ్లేదూ? మోచేతిలో కొత్త నరం వేయించుకున్నాక రెండు మైళ్లు పెరిగాడు."

"మావాడికి ముందే వేసెయ్యమని అడిగానండీ," అంది పక్కనున్న ఒక తల్లి. "బాగున్న చెయ్యి కొయ్యనన్నాడు డాక్టరు. ఉత్త పిరికోడు."

ఆ మాటకి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇద్దరు తలలు కూడా ఊపారు.

రాయిస్ వెనక్కి వెళ్లి గొంతుకూర్చున్నాడు. ఈసారి బంతి కనపడలేదు, చప్పుడే వినిపించింది. తొంభై ఎనిమిది. గంట మోగింది. షెడ్డంతా కేకలు. హార్లన్ పక్కవాణ్ణి వాటేసుకున్నాడు.

"ఇంకొక్కటి చూస్తాం," అన్నాడు ముగ్గురిలో ఒకడు.

బంతి రాయిస్ చేతిలోనే ఉంది. వెస్టన్ ఎడమచేతి గ్లవ్ చాపి నిలబడ్డాడు. కుడిచెయ్యి ఒంటికి ఆనించి ఉంది.

"ఇవ్వన్నా."

"ఇవ్వరా!" అన్నాడు హార్లన్.

రాయిస్ ఇచ్చాడు. వెస్టన్ గ్లవ్‌లోంచి బంతి తియ్యబోయాడు. అది వేళ్లలోంచి జారి నేల మీద పడి దొర్లింది. వాడు దాన్ని కాదు, తన వేళ్లని చూసుకున్నాడు.

"చెమట, చెమట!" అంటూ హార్లన్ తెల్లపొడి సంచి విసిరాడు. వల వెనక మూడు గన్లూ ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.