బాయిలర్ షాపు గొంతు

ముందు జగ్గారావు గొంతు సంగతి చెప్పాలి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, బాయిలర్ షాపులో, ముప్ఫై నాలుగేళ్ళు నలిగిన గొంతు అది. బయటివాడు రివెట్టు మీద సుత్తి దెబ్బలు వేస్తుంటే, బాయిలర్ కడుపులో కూర్చుని లోపల్నుంచి ఇనప దిమ్మె ఆనించి పట్టుకోవడం అతని పని. ఆ పని చేసినవాళ్ళెవరికీ చెవులు మిగల్లేదు. చెవులు పోయినవాడికి తన గొంతు ఎంత పెద్దదో ఏం తెలుస్తుంది? ఆ ఊళ్ళోనే ఝపటాపూర్ పేటలో తన ఇంట్లో కూర్చుని జగ్గారావు "నర్సీ, మంచినీళ్ళు!" అంటే సందు చివరి పాన్ దుకాణం దాదా గ్లాసు ముంచుకుని బయలుదేరేవాడని జనం వేళాకోళం చేసేవారు.

అతని భార్య అప్పలనర్సమ్మకు ఆ గొంతు కొత్తలో సిగ్గు, తర్వాత చిరాకు, ఆ తర్వాత అలవాటు. ఇప్పుడు మూడేళ్ళుగా ఆ గొంతు లేదు. లేకుండా చేసింది తనే.

ఊళ్ళోనే పూరీ గేట్ పేటలో చుట్టం ఒకాయన పోతే మొగుడూ పెళ్ళాలు పరామర్శకు వెళ్ళారు. ఇల్లంతా జనం, అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. జగ్గారావు కూడా, తన లెక్కలో గుసగుసగానే, పెళ్ళాం చెవి దగ్గర వంగి "ఏటే నర్సీ, ఈళ్ళు టీ ఇత్తారా, ఇవ్వరా?" అన్నాడు. పోయినాయన పెద్దకొడుకు ఏడుపు ఆపి చూశాడు. మూలనున్న ఆడమనిషెవరో కిసుక్కుమంది. అది అంటుకుని చావింట్లో నవ్వులు లేచాయి. అప్పలనర్సమ్మకు తల కొట్టేసినట్టయింది. ఏం చేస్తున్నదీ తెలియకుండా అరచేత్తో మొగుడి నోరు అదిమి మూసేసింది. అందరి ముందూ, చంటిపిల్లాడికి మూసినట్టు.

ఆ మర్నాటి నుంచి జగ్గారావు నోరు విప్పలేదు. అలగలేదు, తిండి మానలేదు, బజారుకు వెళ్ళడమూ మానలేదు. మాట ఒక్కటే మానేశాడు. కావలసినవన్నీ చేతులతో చెప్పేవాడు. బాయిలర్ షాపు మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు గనక అక్కడివాళ్ళందరికీ చేతుల భాష ఒకటి ఉండేది. ఎత్తు, దించు, పట్టు, కాలుతుంది జాగ్రత్త, బీడీ ఉందా, ఫోర్‌మన్ వస్తున్నాడు. అంతా కలిపి ఓ నలభై సైగలు. ఆ నలభైతోనే అతను ఇంట్లో మూడేళ్ళు నెట్టుకొచ్చాడు. చుట్టుపక్కలవాళ్ళు "జగ్గారావు ఎంత నెమ్మదస్తుడైపోయాడో!" అని మెచ్చుకుంటుంటే అప్పలనర్సమ్మకు ఒళ్ళు మండేది. "మాటాడు మావా" అని ఎన్నిసార్లు బతిమాలిందో లెక్కలేదు. అతను చిన్నగా నవ్వి అరచేయి తిప్పేవాడు. ఎందుకు, అని.

తొంభై ఒకటో సంవత్సరం మార్చిలో సమూయేలు మాస్టారు వచ్చారు. రైల్వే స్కూల్లో తెలుగు చెప్పే ఆయనకు పిట్టలన్నా జంతువులన్నా పిచ్చి. ఒరిస్సాలో భితర్‌కనికా అని నదులు సముద్రంలో కలిసేచోట ఉప్పునీటి అడవి ఉందనీ, దాన్ని నేషనల్ పార్కు చేస్తున్నారనీ, ఆ పక్కనే గహీర్మఠ తీరంలో ఈ రోజుల్లో సముద్రపు తాబేళ్ళు వేలకు వేలు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయనీ చెప్పి, "రిటైరైనవాళ్ళ పాసులు ఊరికే మురిగిపోతున్నాయి. భద్రక్ దాకా రైలు, ఆ పైన బస్సు, ఆ పైన పడవ. వస్తారా?" అని అడిగారు. బాయిలర్ షాపు పాతవాళ్ళు ముగ్గురు వస్తున్నారని కూడా అన్నారు.

అప్పలనర్సమ్మ తాబేళ్ళ కోసం ఒప్పుకోలేదు. పాత స్నేహితులు, రైలు, పడవ, అడవి, ఇన్ని కలిస్తే ఆ మనిషి నోట్లోంచి ఒక్క మాటైనా రాలకపోతుందా అని ఆమె ఆశ. రెండు రోజులకు సరిపడా పులిహోర కట్టింది.

ఆ మాట రైల్లో రాలేదు. బస్సులో రాలేదు. బస్సు దిగి చాంద్‌బాలీ రేవులో భట్‌భటీ ఎక్కారు. ఇంజను మోతను బట్టి మరపడవకు అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరది. నది సన్నబడి, రెండు పక్కలా మడ అడవి దగ్గరికొచ్చింది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. ఒడ్డున దుంగ పడి ఉందనుకుని అప్పలనర్సమ్మ చూస్తుండగానే దుంగ నోరు తెరిచింది. పడవంత మొసలి! అందరూ కెవ్వుమన్నారు. జగ్గారావు మాత్రం కళ్ళు ఇంతలేసి చేసుకుని రెండు చేతులూ చాచి దాని పొడవు కొలిచాడు, అంతే. నీలిరంగు లకుముకిపిట్ట ఒకటి నీళ్ళను గీరుకుంటూ పోతే తల తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ చూపు చూసి అప్పలనర్సమ్మకు కాస్త ధైర్యం వచ్చింది.

సాయంత్రం ఫారెస్టు బంగళా దగ్గర దిగేసరికి ఆ ధైర్యం కాస్తా దిగిపోయింది. అక్కడి గార్డు బెహెరా అనే సన్నపాటి మనిషి. అందరినీ వరసలో నిలబెట్టి ఒడియాలో షరతులు చెప్పాడు. మాస్టారు తెలుగులో చెప్పారు.

"తెల్లవారుజామున తీసుకెళ్తాడు. టార్చిలైట్లు వద్దు. తాబేలుకు ఎదురుగా నిలబడొద్దు. ముట్టుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఒడ్డు మీద ఒక్క మాట కూడా వినబడకూడదు. తల్లి బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుందట."

అప్పలనర్సమ్మ నీరుకారిపోయింది. మొగుడి చేత మాట్లాడిద్దామని ఇన్ని మైళ్ళు లాక్కొస్తే, వచ్చి వచ్చి మాట్లాడకూడని చోటికే వచ్చింది.

పైగా గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. జగ్గారావు లోపల దిమ్మె పట్టిన ఏళ్ళన్నీ బయట సుత్తి కొట్టినవాడు అతనే. "మాస్టారూ, మరి మావోడి సంగతేటి? ఆడికి గాని ఉసారొచ్చి ఒక్క కేకెట్టినాడంటే తాబేళ్ళన్నీ సింహళంలో తేల్తాయి. జగ్గుగాణ్ణి బంగళాలో ఉంచీడం మంచిదేమో."

అందరూ నవ్వారు. అప్పలనర్సమ్మ నవ్వలేదు.

"మూడేళ్ళయింది గణపతన్నా ఆ మనిసి నోరిప్పి. ఎందుకిప్పనేదని మీరెవులైనా అడిగినారేటి? ఇప్పుడు కేకెడతాడని బయమా? కేకెట్టినాడంటే నాను నూటొక్క కొబ్బరికాయ కొడతాను!" అంది. గణపతిరావు తలొంచుకున్నాడు.

మాట వినబడకపోయినా ముఖాలు చదవడంలో జగ్గారావును మించినవాడు లేడు. విషయం అర్థమైపోయింది. మీరెళ్ళండి, నేనిక్కడ కూర్చుంటాను, అని చేతులతో చెప్పాడు. గణపతిరావు సిగ్గుపడి, కాదు, నువ్వూ రా, అని చేతులతోనే జవాబిచ్చాడు. మిగతా ఇద్దరు పాతవాళ్ళూ చేతులు కలిపారు. నాలుగు జతల చేతులు గాల్లో జోరుగా వాదించుకోవడం చూసి బెహెరా నోరు తెరిచాడు. ఏమిటిదని అడిగితే మాస్టారు చెప్పారు. గార్డు జగ్గారావు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మావుసీ," అని పిన్ని వరస కలిపి అన్నాడు అప్పలనర్సమ్మతో, వచ్చీరాని హిందీలో, "రేపు ఈయనే నా పక్కన ముందు నడుస్తాడు. మీరంతా వెనక."

చుక్కలింకా ఉండగానే ఇసుక మీదికి వెళ్ళారు. చంద్రుడు పడమటికి వాలి ఉన్నాడు. మొదట అప్పలనర్సమ్మకు ఒడ్డంతా నల్లరాళ్ళు పరిచినట్టు కనిపించింది. తర్వాత రాళ్ళు కదిలాయి. కంటికి ఆనినంత మేరా తాబేళ్ళే! అలతో కొట్టుకొచ్చేవి, పాక్కుంటూ పైకొచ్చేవి, గుంట తవ్వేవి, పని ముగించి వెనక్కి పోయేవి. ఒకదాని వీపు మీంచి ఇంకొకటి ఎక్కి పోతోంది. ఎవరి తొందర వాళ్ళదే. కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పలనర్సమ్మ తన జన్మలో ఇంత గొప్ప సంగతి చూడలేదు. చూస్తానని అనుకోనూ లేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒక పెద్ద తాబేలు వాళ్ళకేసే వచ్చింది. నాలుగడుగులు వేయడం, ఆగడం, మెడ ఎత్తి అటూ ఇటూ చూడడం, మళ్ళీ నాలుగడుగులు. జగ్గారావు వెనక్కి తిరిగి, లేని టై ముడిని మెడ దగ్గర సవరించుకున్నాడు. షాపులో ఆ సైగకు అర్థం ఫోర్‌మన్ వస్తున్నాడని. బాయిలర్‌వాళ్ళ కడుపులు బయటికి రాని నవ్వుతో ఎగిరిపడ్డాయి. గణపతిరావు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఇసుకలో కూలబడ్డాడు. సైగలు రాని మాస్టారుకి ఎవరూ అర్థం చెప్పలేకపోయారు. ఆ తీరం మీద ఆ పూట చదువుకున్నాయన మూగవాడయ్యాడు, వీళ్ళు మాత్రం కడుపునిండా కబుర్లు చెప్పుకున్నారు.

ఆ ఫోర్‌మన్ వాళ్ళకు మూడు మూరల దూరంలోనే చోటు చూసుకుంది. వెనక కాలితో దోసెడు ఇసుక తీసి పక్కన పెట్టింది. రెండో కాలితో ఇంకో దోసెడు. కళ్ళతో చూడకుండానే, ఒక్క రేణువు లోపలికి జారకుండా, కుండలాంటి గుంట తవ్వింది. తర్వాత తెల్లటి గుడ్లు రెండేసి మూడేసి రాలడం మొదలయ్యాయి. దాని కళ్ళవెంట చిక్కటి నీళ్ళు కారుతున్నాయి. ఒంట్లో ఉప్పు అలా పోతుందని మాస్టారు ముందే చెప్పారు. అయినా ఐదుగురిని కన్న అప్పలనర్సమ్మ ఆ మాట నమ్మదలచుకోలేదు. మంత్రసాని లేదు, పట్టుకోవడానికి చెయ్యి లేదు, అయినా ఎంత శుభ్రంగా, ఎంత ఓపిగ్గా చేస్తోందో అని మనసులోనే దానికి దండం పెట్టింది.

గుడ్లు అయిపోయాక తాబేలు ఇసుక కప్పింది. కప్పి, ఒళ్ళంతా ఎత్తి, ఈ పక్కకూ ఆ పక్కకూ వాలుతూ, కడుపుతో ఆ ఇసుకను దిమ్మిస కొట్టడం మొదలుపెట్టింది. దభ్, దభ్, దభ్.

జగ్గారావు ఉలిక్కిపడ్డాడు. కాళ్ళకేసి చూసుకున్నాడు. మెల్లిగా మోకాళ్ళ మీద కూర్చుని, అరచేయి ఇసుక మీద ఆనించాడు. షాపులో రివెట్టు బిగిసిందో లేదో చూడడానికి ఇనపరేకు మీద అలాగే చెయ్యి ఆనించేవారు. అలా ఉండిపోయాడు. తర్వాత బోర్లా పడుకుని చెంప కూడా ఆనించాడు. అప్పలనర్సమ్మకు భయం వేసి పక్కన కూర్చుంది. అతను ఆమె చెయ్యి లాగి తన చెయ్యి పక్కన పెట్టాడు.

ఇసుక మోగుతోంది. ఎదురుగా ఉన్న ఒక్క తాబేలే కాదు. అటు పదీ, ఇటు ఇరవై, ఆ వెనక ఎన్నో, కొన్ని దగ్గరగా గట్టిగా, కొన్ని దూరంగా సన్నగా, ఆ తీరమంతా కొడుతున్న దెబ్బలు అరచేతిలోకి వస్తున్నాయి. ఆమెకు చెవులున్నాయి గనక ఇప్పటిదాకా అలల చప్పుడు తప్ప ఇంకేమీ పట్టించుకోలేదు. అతనికి లేవు గనక అంతా అందింది. జగ్గారావు కళ్ళు మూసుకున్నాడు. చెంప మీద ఇసుక తడిసింది. అతనంత ఆనందంగా ఉండగా చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

తూరుపు ఎరుపెక్కేసరికి గార్డు వాళ్ళను వెనక్కి తిప్పాడు. పని ముగించిన తల్లులు ఒక్కొక్కటే అలలోకి జారుకుంటున్నాయి. అలదాకా ఈడ్చుకుంటూ పోయిన ఆ బరువు ఒళ్ళు నీళ్ళు తగలగానే ఎంత తేలికైపోతోందో! మళ్ళీ తల తిప్పి చూసినది ఒక్కటీ లేదు.

పడవ కదిలి నదిలోకి మళ్ళాక బెహెరా "ఇంక మాట్లాడుకోండి" అన్నాడు. అందరి నోళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. మాస్టారైతే ఊపిరి తీసుకోకుండా లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. జగ్గారావు మాత్రం చేతులతోనే ఉన్నాడు. ఇసుక, కింద, దెబ్బ, దెబ్బ అన్నాడు. చాల్లేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు. నలభై సైగల్లో దానికి సైగ లేదు. చేతులు గాల్లోనే నిలిచిపోయాయి. అప్పలనర్సమ్మ ఊపిరి బిగబట్టి అతని నోటికేసి చూస్తోంది.

"నర్సీ!"

మొదట గీరుకుపోయిన గొంతు. ఆ వెంటనే అసలు గొంతు వచ్చింది.

"ఒలే నర్సీ! ఆ ఇసక్కింద మన షాపు నడస్తన్నాదే! నాకినబడ్డాదే! ఇన్నేళ్ళకి నాకేదో ఇనబడ్డాదే!"

ఒడ్డున నిద్రపోతున్న మొసలి దబ్బున నీళ్ళలో పడింది. చెట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. బెహెరా అదిరిపడి "ఆస్తే, ఆస్తే!" అంటూ, మెల్లిగా అన్నట్టు చెయ్యి ఆడించాడు. పడవలో ఒక్కరూ నవ్వలేదు. గణపతిరావు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

జగ్గారావు చప్పున ఆగిపోయాడు. అందరి ముఖాలూ చూశాడు. చివరికి పెళ్ళాం కుడిచేతికేసి చూశాడు. ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అన్నట్టు చూశాడు.

అప్పలనర్సమ్మ చెయ్యి లేచింది నిజమే, కానీ నోటికేసి పోలేదు. పిడికిలి బిగించి రెండో అరచేతిలో గుద్దింది. గట్టిగా కొట్టు, అని షాపులో సుత్తివాడికి చేసే సైగ.

"ఇంకా గట్టిగా సెప్పు మావా," అంది అతనికేసి తిరిగి, పెదాలు కనబడేలా. "ఈ ఇంజను మోతకి నాకేటీ ఇనబడనేదు."