అతకని పోగు

నేను ఒక కరెంటు మిషనును. చూపుకి పాత రేడియోలా ఉంటాను. ముందు రెండు నాబులు, పక్కన రెండు వైర్లు, వాటి చివర రబ్బరు బిళ్లలు. నన్ను బిగించి తయారుచేసిన షెడ్డులో కుర్రాళ్లు ‘మనుషుల్ని కదిలించే మిషను’ అని నవ్వుకున్నారు. ఆ తర్వాత నా కొలువంతా చీరాలలో, ఫిజియోథెరపిస్టు హేమలత బల్లమీదే గడిచింది. ఎన్నో నడుములు, మోకాళ్లు తాకాను. గుర్తుండిపోయింది మాత్రం మాణిక్యమ్మ కుడిచెయ్యి.

ఆవిడ మగ్గాల వీధిలో అచ్చు అతికే మనిషి. అయిపోవచ్చిన పడుగుకి కొత్త పడుగును, వేల పోగుల్ని ఒక్కొక్కటిగా, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి కలిపేది. ఆటో బోల్తాపడి మోచేతి పైన నరాలు తెగాయి. డాక్టర్లు కుట్టారు గానీ వేళ్లు కదల్లేదు.

హేమలత ఓపిగ్గా చెప్పింది. నరంలో నడిచేది వైరులో కరెంటులాంటిది కాదట. కదలమని మెదడు అనగానే నరం పొడవునా సోడియం, పొటాషియం అనే ఉప్పు రేణువులు లోపలికీ బయటికీ చోటు మారుతూ, అలలాగా కబురు మోసుకుపోతాయి. నరం చివర ఊరిన రసాయనం కండకు తగిలితే కండ బిగుస్తుంది. తెగిన నరం రోజుకు ఆవగింజంత పెరుగుతుంది. అది వేళ్లదాకా రావడానికి ఏడాది పైనే పడుతుంది. అందాకా నరంతో పని లేకుండా కండల్నే నేరుగా కదిలించి, అవి ఎండిపోకుండా చూడ్డమే నా పని.

మొదటిరోజు నాబు తిప్పగానే ఆ వేళ్లు ముడుచుకున్నాయి. భర్త వీరభద్రం కుర్చీలోంచి లేచాడు.

“పోగు అతికిందే, మాణిక్యం.”

“నేను ముడవలేదయ్యా, దానంతటదే ముడుచుకుంది,” అందావిడ, కళ్లు తుడుచుకుంటూ.

అది మిషను కదలిక, ఆవిడది కాదని హేమలత రోజూ చెప్పేది. వాళ్లు తలూపేవారు. చూసినదాన్ని కాదనడం మనుషులకు చేతకాదు. పైగా వాళ్ల పనిలో అతికిన పోగు ఆ పూటే మగ్గమెక్కుతుంది. నెలలు పట్టే అతుకు వాళ్లెరగరు. నరం అతికేసిందనుకుని మూడో నెలలో రావడం మానేశారు. వీరభద్రం కొత్త పడుగు తెచ్చి ఆవిడ ముందు బూడిద చిప్ప పెట్టాడట. వేళ్లు ఆ బూడిదలో అలాగే ఉండిపోయాయట. ఆ సిగ్గుతో ఆవిడ ఏడాదిపాటు ఇటువైపు రాలేదు.

మళ్లీ వచ్చేసరికి కండ ఎండి అరచెయ్యి గుంటపడి ఉంది. హేమలత నాబు చివరిదాకా తిప్పింది. నా శక్తికొద్దీ పిలిచాను. ఒక్క వేలూ పలకలేదు. మానకుండా వచ్చుంటే పలికేదా? నాకూ తెలియదు, హేమలతకూ తెలియదు.

“అయితే ఆవేళ కదిలింది నేను కాదన్నమాట,” అంది మాణిక్యమ్మ.

ఆవిడ లేచి, ఎడమచేత్తో నా వైర్ల చిక్కు విప్పి, నూలు చిలపలా చుట్టి బల్లమీద పెట్టి వెళ్లింది.

ఆ వారమే కొత్త మిషను వచ్చింది, నన్ను అలమరలో పెట్టేశారు. ఆ అడుగున నా వైర్లు ఇంకా ఆవిడ చుట్టినట్టే ఉన్నాయి. అబద్ధమాడటానికి నాకు నోరు లేదు. అయినా ఆ మొదటిరోజు ఆ అబద్ధాన్ని ఆవిడ వేళ్లతో ఆడించాను.