సజ్జరొట్టెల ఉత్తరం

ఎమ్మెల్యే కోటయ్య పోయిన మరుసటి ఏడు, ఆయన ఉత్తరాలను పుస్తకంగా వేయాలని మార్కాపురం పెద్దలు అనుకున్నారు. ఆ ఉత్తరాలన్నీ చాంద్ బాషా దగ్గర ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో కోటయ్య అసెంబ్లీకని హైదరాబాదు వెళితే, ఇక్కడ ఆయన ఇంటి వసారాలో కూర్చుని జనం కోసం అర్జీలు రాసి పంపిందీ, వచ్చిన జవాబులు చదివి వినిపించిందీ బాషానే.

"ప్రజల పనులవి ఒక పక్కన, సొంతవి ఒక పక్కన పెట్టు బాషా. సొంతవి మనకొద్దు" అని పుస్తకం పని చూస్తున్న మాల్యాద్రి పంతులు చెప్పాడు.

సొంతవి ఎవరికి చెందుతాయో బాషాకు తెలుసు. ఉత్తరాల ట్రంకుపెట్టె మోయించుకుని కోటయ్య ఇంటికే వెళ్ళాడు. ఒకప్పుడు ఆ వసారాలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఇప్పుడు అక్కడ కందులు ఎండబోసి ఉన్నాయి. కోటయ్య భార్య నాగేంద్రమ్మ వాటిని ఒక పక్కకు నెట్టి చాప పరిచింది.

మధ్యాహ్నం దాకా బాషా ఆ పోస్టుకార్డులు తిరగేస్తూనే ఉన్నాడు. ఒక్కటీ విడదీయలేకపోయాడు.

"ఏంది బాషా, అట్ల చూస్తావుండావు?"

"ఏం చేసేది వదినా! పైన గిద్దలూరు రోడ్డు సంగతి, కింద నీ మోకాలి నొప్పి సంగతి. నీకని అన్న వేరే కార్డు ఒక్కటన్నా రాసినాడా?"

"నాకు చదువొచ్చా? ఎట్లా నువ్వే చదువుతావని నీ కార్డులోనే రాసినాడు." ఆమె చూపు కార్డుల మీదే ఉంది. "పామూరోళ్ళు వచ్చిన రోజుది ఉందా?"

ఉంది. బాషా దాన్ని వెతికి తీశాడు. ఆ రోజు పామూరు వైపు నుంచి బడికి పంతులు కావాలని వచ్చినవాళ్ళు వసారా నిండా కూర్చున్నారు. వాళ్ళ పని గురించి అన్న ఏమన్నాడోనని అప్పుడే వచ్చిన కార్డును బాషా గట్టిగా చదివాడు. 'మంత్రిగారితో మాట్లాడినాను. ఊరివాళ్ళే వచ్చి చెబితే మేలు.' చదివే ఊపులో ఆగలేదు. 'నాగేంద్రమ్మకు చెప్పు, ఇక్కడి తిండి నోటికి పోవడం లేదు. ఆ చేతి సజ్జరొట్టె మీదికే మనసు పోతావుంది.' వసారా అంతా గొల్లున నవ్వింది. నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. మర్నాడు ఆ పామూరువాళ్ళే రొట్టెల మూట పట్టుకుని రైలెక్కారు. బడికి పంతులును వేయించుకునే తిరిగొచ్చారు.

"మూట విప్పంగానే అన్న అక్కడే నిలబడి తిన్నాడంట వదినా. తిన్నాకనే వాళ్ళని మంత్రి కాడికి తీసుకపోయినాడంట."

"చెప్పినారు" అంది నాగేంద్రమ్మ మెల్లగా. "ఎన్ని తిన్నాడో కూడా చెప్పినారు."

సాయంత్రం మాల్యాద్రి పంతులు వచ్చాడు. కార్డు చదివి, పెన్సిలుతో చివరి వాక్యాల చుట్టూ గీత గీశాడు. "ఇవి తీసేద్దాం. నాయకుడి పుస్తకంలో రొట్టెలేంది?"

బాషా నోరు తెరిచేలోపే నాగేంద్రమ్మ అందుకుంది. "తీసెయ్యొద్దు నాయనా. ఆయప్ప రాసింది ఇంటికొకటి, ఊరికొకటి కాదు. ఆ పొద్దు అందరూ విన్న మాటే కదా! అప్పుడు సిగ్గుపడినాను. ఇప్పుడేం సిగ్గు?"

పంతులు కార్డును ఇంకోసారి చదివాడు. తర్వాత జేబులోంచి రబ్బరు తీసి, తాను గీసిన గీతను తుడిచేశాడు.

ఉగాది దాటాక పుస్తకం వచ్చింది. బాషా తొలి ప్రతిని తెచ్చి వసారాలో కూర్చుని, పామూరు ఉత్తరం తీసి చదవబోయి ఆగిపోయాడు.

"ఏమైంది?"

"అచ్చు తప్పు పడింది వదినా. 'నాగేంద్రయ్యకు చెప్పు' అని వేసినారు."

నాగేంద్రమ్మ ఒక క్షణం అర్థంకానట్టు చూసింది. తర్వాత నవ్వింది. కోటయ్య పోయాక ఆమె అట్లా నవ్వడం బాషా చూడలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "కానీలే, చదువు. వంటోడనుకుంటారు, అంతే కదా!" అంది.

బాషా గొంతు సవరించుకుని, వసారా నిండా జనం ఉన్నట్టే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.