అల్ ఖర్జ్‌లో కీచుమనే బ్రేకు

"బండికి డిస్కు బ్రేకులు పెట్టు. పెట్టిన మర్నాడే నీకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ కొడతాను," అన్నాడు అబూ ఫహద్, అరబ్బీలో. ఆయన నా కఫీల్, నాకు వీసా ఇచ్చిన యజమాని; ఆయన ఆ అనుమతి కొడితేనే నేను ఊరికి పోయి రాగలను. సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఆయన గ్యారేజీలో నేను మెకానిక్‌ని. జగిత్యాలలో నా బిడ్డకు మూడో ఏడు నడుస్తోంది. దాన్ని ఇంతవరకు ఫోన్‌లోనే చూశాను. తండ్రి దగ్గర లేకుండా పుట్టువెంట్రుకలు తీయించనని మా పుష్ప పట్టు. పిల్లేమో జుట్టు కళ్లలో పడి గోడలకు గుద్దుకుంటోంది.

బండి అబూ ఫహద్ వాళ్ల నాన్నది, పెద్దాయన చనిపోయాక ఈయన చేతికొచ్చింది. పాత అమెరికన్ పికప్. నాలుగు చక్రాలకూ పాతకాలం డ్రమ్ము బ్రేకులే. ఇక్కడ తొక్కితే ఎక్కడో ఆగేది, ఆగేటప్పుడు చెవులు చిల్లులు పడేలా కీచుమనేది. డ్రమ్ములు, షూలు విప్పేశాను. డిస్కులు, కాలిపర్లు బిగించి, మాస్టర్ సిలిండర్ మార్చి, గొట్టాల్లో గాలి తీశాను. పాత సామానంతా అబూ ఫహదే తుక్కువాడికి ఇచ్చేశాడు. తొక్కి చూస్తే బండి చడీచప్పుడు లేకుండా ఆగింది. నా పనికి నేనే మురిసిపోయి, పెట్టె కూడా సర్దుకున్నాను.

మర్నాడు అదే బండిలో మేత వేసుకుని ఒంటెల దగ్గరికి వెళ్లాం. అబూ ఫహద్ బ్రేకు తొక్కాడు. ఒక్క ఒంటె కూడా తలెత్తి చూడలేదు. పెద్దాయన కాలం నుంచీ వాటికి ఆ కీచే భోజనం గంట అని అప్పుడు తెలిసింది. హారన్ కొడితే ఇంకా దూరం పారిపోయాయి. డ్రైవర్ మస్తాన్ వలీ, కడప మనిషి, పాత వీడియోలో ఆ కీచు వెతికి వినిపించాడు. ఒక ఒంటె వచ్చి ఫోన్‌ను నాకి పోయింది.

"నీ బ్రేకులు బాగానే ఉండాయి గానీ, ఒంటెలకు నచ్చల్యా అన్నా," అన్నాడు వలీ.

నాకు ఒళ్లు మండింది. "ఒంటెలకు నచ్చాల్నని బిగించిన్నారా నేను?" అని ఎగిరాను. ఆ కోపంలోనే గొంతు చించుకుని, అచ్చం పాత బ్రేకులా కీచుమని అరిచాను.

ఒంటెలన్నీ పరుగెత్తుకొచ్చాయి.

అదే నా కొంప ముంచింది. అబూ ఫహద్ నన్ను వాటేసుకున్నాడు. అప్పటినుంచి రోజూ ముందు సీట్లో నేనే. ఆయన తొక్కాలి, నేను అరవాలి. ఎగ్జిట్ మాట ఎత్తితే, "బండిలోంచి బ్రేకు పీకి ఇండియాకు పంపుతారా ఎవరైనా?" అని నవ్వేవాడు. నవ్వే మనిషితో ఎలా పోట్లాడాలో నాకు తెలియదు.

పుష్ప ఫోన్ చేసి, "ఇప్పుడేం పని జేస్తున్నవ్?" అంది.

"బ్రేకు."

"బ్రేకు పనా?"

"కాదే. నేనే బ్రేకు."

"ఆడ మందు దొరకదంటరు గదా, మరి గిట్ల మాట్లాడుతవేంది?" అంది. తర్వాత ఆమె గొంతు మారింది. "సూడు, శివరాత్రి దాకా సూస్త. రాకుంటే ఎములాడ గుడికి నేనే తీస్కవోయి ఎంటికలు తీపిస్త. పిల్లకు కండ్లు కనవడాలె గదా."

మర్నాడు నేను నోరు విప్పలేదు. ఒంటెలు రాలేదు. అబూ ఫహద్ బతిమాలాడు, కసిరాడు, చివరికి తనే అరిచాడు. మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. వలీ నవ్వు ఆపుకోలేక మేతమూటల వెనక్కి పోయాడు.

"ఎలా వస్తుంది నీకు ఆ గొంతు?" అని అడిగాడు కఫీల్.

నాకు అబద్ధమాడబుద్ధి కాలేదు. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. "నా బిడ్డను తలుచుకుంటాను. నేను దాని దగ్గరికి పోలేను, అది నా దగ్గరికి రాలేదు. అప్పుడు దానంతటదే వస్తుంది."

ఆయన స్టీరింగు వదిలి తలుపు తీశాడు. తర్వాత కిందికి దిగి, ఇసుక దిబ్బల వైపు తిరిగి, వాళ్ల నాన్నను పిలిచాడు. ఆ పిలుపు సగంలో కీచుగా మారింది. నా కంటే బాగా వచ్చింది.

ఒంటెలు మెడలు సాచుకుని వచ్చేశాయి. అవి వచ్చినా ఆయన ఆపలేదు. వలీ, నేనూ మేత దించేశాం. అవి తినడం మొదలుపెట్టాయి. అప్పటికి గాని ఆయన ముఖం తుడుచుకోలేదు. ఫోన్ తీసి, సర్కారు యాప్‌లో నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ నొక్కాడు.

"నువ్వు పో," అన్నాడు బొంగురు గొంతుతో. "రేపటినుంచి నేనే అరుస్తాను."